కోర్సు మానేయాలా అని అడిగావు గానీ, ముందు ఆ సగం లైన్ సంగతి తేలుద్దాం

ప్రశ్న: అక్కా, మాది నంద్యాల దగ్గర పల్లెటూరు. టెన్త్ దాకా తెలుగు మీడియం. 400 మీటర్లు పరిగెత్తుతా. స్పోర్ట్స్ కోటాలో చెన్నైలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బీఎస్సీ స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ సీటొచ్చింది, ఇప్పుడు సెకండియర్. ఆటల కోర్సు కదా, ఈజీగా ఉంటుందని చేరా. తీరా చూస్తే బయోకెమిస్ట్రీ, బయోమెకానిక్స్, స్టాటిస్టిక్స్. రెండు సబ్జెక్టులు ఫెయిలై అరియర్లు పడ్డాయి, అందులో బయోమెకానిక్స్ ఒకటి. గ్రౌండ్‌లోనూ బాలేదు, ఇంటర్లో ఉన్నప్పుడు 57.8 కొట్టినదాన్ని ఇప్పుడు 60.4 దగ్గరున్నా. బరువు తగ్గితే స్పీడొస్తుందని సీనియర్లు అంటే 54 కిలోల నుంచి 50కి తగ్గా, ల్యాబ్‌లో మేమే ఒకరినొకరం క్యాలిపర్‌తో చర్మం మడత పట్టి కొలుచుకుంటే బాడీ ఫ్యాట్ 18 శాతం వచ్చింది, అందరి నంబర్లూ క్లాస్ గ్రూప్‌లో పెడితే నాదే తక్కువ, సూపర్ అన్నారు. మూడు నెలల్నుంచి పీరియడ్స్ కూడా రావట్లేదు, ట్రైనింగ్ గట్టిగా చేస్తే అంతే అంది రూమ్మేట్. పొద్దున 5:30కి ట్రైనింగ్, 8:30కి క్లాస్, మధ్యలో టిఫిన్ కుదరదు, మధ్యాహ్నం సాంబారన్నం, పెరుగన్నం, సాయంత్రం టీ బిస్కెట్లు, రాత్రి మూడు చపాతీలు. ఒళ్ళు నొప్పులు లాక్టిక్ యాసిడ్ వల్ల కాదట సార్ అని కోచ్‌కి చెబితే 'పెద్ద సైంటిస్టువయ్యావా' అని అందరి ముందూ తిట్టారు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా 'ఇది చదివితే పీఈటీ పోస్టు వస్తుందా రాదా' అంటాడు. మానేసి ఊరికొచ్చి మామూలు డిగ్రీలో చేరి పోటీ పరీక్షలు రాసుకోవడం మంచిదా? (పేరు వద్దన్నారు, నంద్యాల జిల్లా)

జవాబు: చెల్లీ, మార్కుల గురించి రాశావు, కోచ్ సార్ గురించి రాశావు, నాన్న గురించి రాశావు, వాటి మధ్యలో సగం లైన్‌లో మూడు నెలల్నుంచి పీరియడ్స్ లేవని చెప్పేసి అదేదో చిన్న విషయమన్నట్టు ముందుకెళ్ళిపోయావు. నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతా, మిగతావి తర్వాత.

ట్రైనింగ్ గట్టిగా చేస్తే అంతే అని నీ రూమ్మేట్ చెప్పింది తప్పు. ఆ పిల్లని అనట్లేదు, గ్రౌండ్లలో ఈ మాట ఎప్పట్నుంచో తిరుగుతోంది, కోచ్‌లూ అంటారు, సీనియర్ అమ్మాయిలూ అంటారు, కొంతమందైతే పీరియడ్స్ ఆగితే ఫిట్‌నెస్ పీక్‌లో ఉందని సంతోషపడతారు కూడా. మామూలుగా వచ్చే నెలసరి మూడు నెలలు ఆగిపోయిందంటే అది డాక్టర్ దగ్గరికెళ్ళాల్సిన విషయం, రన్నర్ అయినా కాకపోయినా. ఈ వారమే వెళ్ళు. గైనకాలజిస్ట్ దగ్గరికెళ్తే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించమంటారు, అందరికీ అలాగే అడుగుతారు, దానికి సిగ్గుపడటాలు కోపాలు వద్దు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూస్తారు, అవసరమైతే స్కాన్ తీస్తారు, పీసీఓడీ ఉందేమో చూస్తారు. వాటితో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, విటమిన్ డి కూడా చేయించమని నువ్వే అడుగు. హిమోగ్లోబిన్ బానే ఉండి లోపల ఐరన్ నిల్వలు అడుగంటిన అమ్మాయిలు రన్నర్లలో బోలెడంతమంది ఉంటారు, అది ఫెరిటిన్‌లోనే బయటపడుతుంది. 400 మీటర్ల అమ్మాయినని, వారానికి ఎన్ని సెషన్లు చేస్తావో, బరువెంత తగ్గావో అన్నీ చెప్పు. చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది, కాలేజీ స్టూడెంట్ అనుకుని ఒక మాత్ర రాసి పంపించేస్తారు. వీలైతే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కి కూడా చూపించుకో, నువ్వున్నది చెన్నైలో కాబట్టి ఆ అదృష్టం ఉంది, పోరూర్‌లో శ్రీ రామచంద్రలో ఆ డిపార్ట్‌మెంటే ఉంది, మన నంద్యాలలోనో కర్నూల్లోనో అయితే వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇప్పుడు అసలు కథ. నీ ఉత్తరం చదివితే నాకు కనపడేది, డాక్టర్ వేరే కారణం ఏదీ లేదని తేలిస్తే, తిండి సరిపోకపోవడం. దీనికి స్పోర్ట్ సైన్స్‌లో ఒక పేరుంది, రెడ్స్ (రిలేటివ్ ఎనర్జీ డెఫిషియెన్సీ ఇన్ స్పోర్ట్) అంటారు, ఇంటర్నేషనల్ ఒలింపిక్ కమిటీ వాళ్ళ నిపుణుల బృందం 2014లో ఆ పేరు పెట్టింది, 2023లో దాన్ని మళ్ళీ అప్‌డేట్ చేసింది. సంగతేంటంటే, ట్రైనింగ్‌కి ఖర్చయింది పోగా ఒంటికి మిగిలే ఎనర్జీ తక్కువైనప్పుడు శరీరం లోపల కోతలు పెట్టేస్తుంది. గుండె, మెదడు నడవాలి కాబట్టి వాటి జోలికి అంత త్వరగా రాదు, పిల్లల్ని కనే వ్యవస్థ ఇప్పుడు అర్జెంటు కాదు కదా అని మొదట అక్కడే కత్తెర వేస్తుంది. పీరియడ్స్ ఆగిపోతాయి, ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది, ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక పలచబడుతుంది, ఆ తర్వాత ఒకరోజు పిక్క ముందు ఎముకలో నొప్పి మొదలవుతుంది, షిన్ పెయిన్ అనుకుని ఐస్ పెట్టి పరిగెడుతూనే ఉంటావు, ఎమ్మారై తీస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎముక గట్టిపడే వయసు కూడా ఇదే, ఇరవైల చివరికొచ్చేసరికి ఆ అవకాశం దాదాపు అయిపోతుంది.

లెక్క వేసి చూద్దాం, నీ కోర్సులో ఉండేదే. బరువు 50 కిలోలు, ఫ్యాట్ 18 శాతం, అంటే కొవ్వు 9 కిలోలు, మిగతాది 41 కిలోలు. నువ్వు రాసిన తిండిని నేను ఉదారంగా లెక్కేసినా రోజుకి 1500 క్యాలరీలకు అటూ ఇటూ. పొద్దున సెషన్‌కి 450 పోయాయనుకో, మిగిలింది 1050. దాన్ని 41తో భాగిస్తే కిలోకి 25.6. ఆరోగ్యంగా ఉండాలంటే ఈ నంబర్ 45 చుట్టుపక్కల ఉండాలని, 30 కన్నా కిందికి పోతే హార్మోన్లలో తేడాలు మొదలవుతాయని పుస్తకాల్లో ఉంటుంది. 30 అనేది గీత గీసినట్టు అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి అంతకన్నా పైనే ఇబ్బంది మొదలవుతుంది, కొందరు తట్టుకుంటారు, సరే. నువ్వు రాయడం మర్చిపోయిన తిండి ఇంకో 300 క్యాలరీలు ఉందనుకున్నా 33 దగ్గరే ఆగుతుంది. నీ స్కిన్‌ఫోల్డ్ నంబర్‌ని కూడా అంతగా నమ్మకు, సెకండియర్ పిల్లలు క్యాలిపర్ పట్టుకుని ఒకళ్ళకొకళ్ళు కొలుచుకున్నది, ఫార్ములాలోనే మూడు నాలుగు శాతం తేడా ఉంటుంది, కొలిచిన చెయ్యి తేడా దానికి అదనం. 18 అన్నది 15 కావచ్చు, 21 కావచ్చు. కానీ ఏది పెట్టి లెక్కేసినా జవాబు 24కీ 27కీ మధ్యలోనే వస్తుంది, వేసి చూసుకో.

అంటే ఏడెనిమిది వందల క్యాలరీలు పెరగాలి. హాస్టల్ మెస్‌లో ఇదెలా అంటావు. నీ అసలు సమస్య మెస్ టైమింగ్, వంట కాదు. ఖాళీ కడుపుతో 5:30కి గ్రౌండ్‌కి పోతున్నావు, రెండు గంటలు చచ్చేలా పరిగెత్తి మళ్ళీ ఒంటిగంట దాకా ఏమీ తినట్లేదు, నిన్న రాత్రి ఎనిమిదింటి చపాతీల మీద ఇవాళ మధ్యాహ్నం దాకా బండి లాగుతున్నావు. రాత్రే రెండు అరటిపళ్ళు కొని రూమ్‌లో పెట్టుకో, ఒకటి బయల్దేరే ముందు, ఒకటి ట్రైనింగ్ అయిన వెంటనే గ్రౌండ్‌లోనే. బ్యాగులో పల్లీ చిక్కీ, పుట్నాలు బెల్లం, ఖర్జూరాలు. పాలు ఎక్కడైనా దొరుకుతాయి, రోజుకి రెండు గ్లాసులు. గుడ్డు తింటావా లేదా రాయలేదు, తింటే రెండు గుడ్లు. రాత్రి మూడు చపాతీలతో లేచిపోకుండా ఒక గిన్నె పెరుగన్నం. అన్నం తింటే లావైపోతామన్న పిచ్చి ఒకటి ఈ మధ్య అథ్లెట్లకు కూడా అంటుకుంది, 400 మీటర్లు పరిగెత్తేదానికి పిండిపదార్థమే పెట్రోలు. వార్డెన్‌తో మాట్లాడి ట్రైనింగ్ పిల్లలకు 7:45కి టిఫిన్ బాక్సులో కట్టివ్వమని నలుగురూ కలిసి ఒక లెటర్ పెట్టండి, ఒక్కదానివి అడిగితే కాదంటారు, టీమ్ అడిగితే వింటారు. చెన్నైలో ఎవరెదురైనా ముందు 'సాప్టాచా' అనే కదా అడుగుతారు, ఇకమీదట 'ఆ తిన్నా' అని అబద్ధం చెప్పకు, లేదని చెప్పు, ఎవరో ఒకరు పెడతారు.

డాక్టర్ పీరియడ్స్ రావడానికి మాత్ర ఇస్తే వేసుకోవద్దని నేను చెప్పను, అది వాళ్ళ నిర్ణయం. కానీ మాత్రతో బ్లీడింగ్ వచ్చినంత మాత్రాన లోపల బాగైపోయినట్టు కాదు, తిండి పెరక్కపోతే ఎముకకి పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఈ మాట డాక్టర్‌తోనే నేరుగా మాట్లాడు. ఇంకోటి, నీరసంగా ఉందని ఇంటికెళ్ళినప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళి ఒక సెలైన్ బాటిల్ ఎక్కిస్తారు చూడు, అది మాత్రం వద్దు. 12 గంటల్లో 100 ఎంఎల్ దాటి నరం ద్వారా ఎక్కించుకోవడం డోపింగ్ రూల్స్ ప్రకారం నిషేధం, ఆ సీసాలో ఉన్నది ఉత్త ఉప్పునీళ్ళైనా సరే. హాస్పిటల్లో నిజంగా ట్రీట్‌మెంట్‌లో భాగంగా ఎక్కిస్తే మినహాయింపు ఉంది, దానికి కాగితాలుండాలి. యూనివర్సిటీ లెవెల్లో ఆడేదానివి, డోపింగ్ టెస్టులు చేసే నాడా వాళ్ళు శాంపిల్ అడిగితే 'మా ఊరి డాక్టర్ ఎక్కించాడు' అన్నది చెల్లదు. సీనియర్లు ఇచ్చే ఫ్యాట్ బర్నర్ డబ్బాలకూ ఇదే మాట, లేబుల్ మీద లేనివి కూడా లోపల ఉంటాయి, ఒంట్లో దొరికితే బాధ్యత నీదే, ఇచ్చినవాళ్ళది కాదు.

క్లాస్ గ్రూప్‌లో అందరి బాడీ ఫ్యాట్ నంబర్లు పెట్టడం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నువ్వు దాన్ని మామూలుగా రాసేశావు. ల్యాబ్‌లో ఒకరి ఒంటిని ఇంకొకరు కొలుచుకోవడం ఈ చదువులో తప్పదు, ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిచే వీఓటూ మాక్స్ టెస్టుకి మాస్క్ పెట్టుకుని ట్రెడ్‌మిల్ మీద ఎవరో ఒకరు పరిగెత్తాలి, వింగేట్ టెస్టులో 30 సెకన్లు సైకిల్ తొక్కి వాంతి చేసుకునేది కూడా ఎవరో ఒకరే, సాధారణంగా అది స్పోర్ట్స్ కోటా పిల్లలే అవుతారు, ఎందుకో తెలుసు కదా. అయితే నేను చేయను అనే హక్కు నీకుంది, నా నంబర్ పేరుతో పెట్టకండి అనే హక్కూ ఉంది. పేర్లు తీసేసి కోడ్ నంబర్లతో పెడితే ప్రాక్టికల్‌కి ఏ నష్టం లేదు. మేడమ్‌కో సార్‌కో మర్యాదగా చెప్పు. ఎవరి ఫ్యాట్ తక్కువ అని పోటీ పెట్టుకునే క్లాస్‌లో నీలా తిండి మానేసిన వాళ్ళు ఇంకో ఇద్దరైనా ఉంటారని నా అనుమానం.

సరే, చదువు. ఆటల కోర్సు కదా ఈజీ అనుకుని చేరడం నీ ఒక్కదాని కథ కాదు, స్పోర్ట్ సైన్స్ ఫస్టియర్‌లో సగం మంది అలాగే వస్తారు, గ్రౌండ్‌లో గడపొచ్చనుకుంటారు, తీరా బయోకెమిస్ట్రీలో క్రెబ్స్ సైకిల్ చూసి బిత్తరపోతారు. ఇది ఆడటం నేర్పే చదువు కాదు, ఆడే ఒంట్లో ఏం జరుగుతుందో కొలిచే చదువు. అందులో నీకున్న సౌకర్యం నీ బెంచ్‌మేట్‌కి లేదు. ఇంటర్ బైపీసీలో 900 పైన తెచ్చుకుని వచ్చిన పిల్లకి గ్లైకాలిసిస్ బట్టీ వస్తుంది, కానీ 300 మీటర్ల దగ్గర కాళ్ళు సిమెంట్ దిమ్మెలైపోవడం ఎలా ఉంటుందో నీకే తెలుసు. ప్రతి చాప్టర్‌నీ నీ 400 మీటర్ల మీద పెట్టి చదువు. మొదటి కొన్ని సెకన్లు కండరంలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత గ్లైకాలిసిస్, అంటే చక్కెరని విరగ్గొట్టి ఎనర్జీ తీయడం, పెద్ద పద్దు, అది సరే, కానీ 400 మీటర్లలో కూడా దాదాపు 40 శాతం ఎనర్జీ ఏరోబిక్‌గా, అంటే ఆక్సిజన్ వాడుకుని వస్తుంది, ఆ ముక్క తెలిస్తే కోచ్ సార్ మిమ్మల్ని వారానికోసారి అంతంత దూరం ఎందుకు పరిగెత్తిస్తారో అర్థమవుతుంది.

బయోమెకానిక్స్ అరియర్ పడింది అన్నావు. ఇంపల్స్ మొమెంటం చాప్టర్ చూడు. బ్లాక్స్ నుంచి లేచేటప్పుడు నీ వేగం సెకనుకి 3 మీటర్లనుకో, బరువు 50, అంటే 150 న్యూటన్ సెకన్ల ఇంపల్స్ (బలం ఇంటూ టైమ్). బ్లాక్స్ మీద కాళ్ళు ఉండేది 0.35 సెకన్లనుకుంటే సగటున 430 న్యూటన్ల తోపు, అంటే దాదాపు 44 కిలోల బరువుకి సమానమైన బలంతో వెనక్కి తన్నావన్నమాట. ఇదే లెక్క పుస్తకంలో ఏదో బంతిని గోడకి కొట్టినట్టు ఉంటుంది, అందుకే నిద్రొస్తుంది. ఫ్రెండ్‌ని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయమను, కినోవియా అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో పెట్టి మోకాలి కోణాలు, అడుగు నేల మీద ఉన్న టైమ్ కొలువు. మీ ల్యాబ్‌లో కాలు నేలని ఎంత బలంతో తోస్తుందో కొలిచే ఫోర్స్ ప్లేట్ ఉందో లేదో, ఉన్నా తాళం వేసి ఉంటుందో తెలీదు గానీ, ఫోన్‌తో చేసేది ఎవరూ ఆపలేరు.

స్టాటిస్టిక్స్ అంటే భయం ఎందుకంటే దాన్ని లెక్కల్లా చెబుతారు. నీ ఉత్తరంలోనే ఒక మంచి ప్రశ్న ఉంది, 57.8 నుంచి 60.4 అన్నది నిజంగా తగ్గడమేనా? ఇంటర్లో కొట్టిన టైమ్ చేతి స్టాప్‌వాచ్‌తో తీసిందా, ఎలక్ట్రానిక్ టైమింగా? చేతి టైమ్ ఎప్పుడూ కాస్త తక్కువ చూపిస్తుంది, 400 మీటర్లకి దాన్ని ఎలక్ట్రానిక్‌తో పోల్చాలంటే 0.14 కలుపుతారు. కలిపితే 57.94. ఇంకా రెండున్నర సెకన్ల తేడా ఉంది, కొలతలో పొరపాటు అంత ఉండదు, కాబట్టి నువ్వు నిజంగానే స్లో అయ్యావు. కొలతలో ఉండే తేడా ఎంత, అసలు మార్పు ఎంత అని విడదీయడమే కదా ఆ పేపర్లో సగం, ఇప్పుడు నువ్వు చేసింది అదే. నీ పాత ట్రైనింగ్ డైరీ ఉంటే ఆ టైమింగులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించు, సగటు, స్టాండర్డ్ డీవియేషన్ వాటికి కట్టు. జమోవి అని స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఫ్రీగా దొరుకుతుంది, రెండు సగటుల మధ్య తేడా నిజమా కాదా చూసే టీ టెస్ట్ అందులో నేర్చుకో. అనాటమీలో ఆ పొడుగు పేర్లు తెలుగు మీడియం వాళ్ళకే కాదు, ఇంగ్లీష్ మీడియం వాళ్ళకీ కొత్తే, అక్కడ మాత్రం నీకేం తక్కువ లేదు. స్ప్రింటర్లకి హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది బైసెప్స్ ఫెమోరిస్, తొడ వెనక బయటివైపు, నీ చేత్తో నువ్వే తడిమి చూసుకుంటూ మిగతా రెండూ కూడా గుర్తుపెట్టుకో.

కోచ్ సార్ విషయంలో, ఆయన చెప్పింది తప్పు, నువ్వు చెప్పింది కరెక్టు, అయినా నువ్వు చేసిన పద్ధతి బాలేదు. పరిగెత్తాక లాక్టేట్, అంటే నువ్వన్న లాక్టిక్ యాసిడే, గంటా గంటన్నరలో మామూలుకొచ్చేస్తుంది, రెండో రోజు మెట్లు దిగలేకపోవడానికి కారణం కండరం సాగుతూ బరువు ఆపేటప్పుడు దాని పోగుల్లో జరిగే సన్న డ్యామేజ్, లాక్టేట్‌ని ఒళ్ళు మళ్ళీ ఇంధనంగా కూడా వాడుకుంటుంది, ఇవన్నీ నిజమే. కానీ ఇరవై ముప్ఫై ఏళ్ళుగా గ్రౌండ్‌లో ఉన్న మనిషికి జట్టు అందరి ముందూ ఒక సెకండియర్ పిల్ల చెబితే ఎలా ఉంటుంది. పైగా ఆయన చేయించే కూల్ డౌన్ వల్ల నష్టమేం లేదు కదా, కారణం తప్పు చెప్పినా పని తప్పు చేయించట్లేదు. అలాంటి చోట వాదన అనవసరం. మీ సార్‌కి పనికొచ్చేది ఏదైనా తీసుకెళ్ళు. టీమ్‌లో అందరి 400 రన్నుల్లో మొదటి 200, రెండో 200 విడివిడిగా రాసి, ఎవరు ముందే కాలిపోతున్నారో ఒక పేజీ చేసి ఇవ్వు. ప్రతి సెషన్ తర్వాత ఎంత కష్టంగా అనిపించిందో బోర్గ్ స్కేల్ మీద ఒక నంబర్ చెప్పమని అందరినీ అడిగి నెలంతా రాసి చూపించు, పెన్నూ పుస్తకం తప్ప ఏం అక్కర్లేదు. సార్లు నంబర్లని కాదనరు, తమ పిల్లల నంబర్లైతే అసలు కాదనరు. ఎదురుచెప్పి గెలవాల్సింది ఒక్కటే ఉంది, బరువు తగ్గమని ఎవరైనా, సార్ అయినా సరే, అంటే డాక్టర్ చీటీ చూపించి కుదరదని చెప్పడం. పీరియడ్స్ సంగతి ఆయనతో మాట్లాడటానికి మొహమాటమైతే టీమ్‌తో ఉండే మేడమ్‌తోనో ఫిజియోతోనో చెప్పించు.

ఇక నాన్న ప్రశ్న. సూటిగా అడిగాడు, సూటిగానే చెప్పాలి. ఈ బీఎస్సీ ఒక్కదాంతో పీఈటీ పోస్టు రాదు. స్కూల్లో ఫిజికల్ ఎడ్యుకేషన్ టీచర్ కావాలంటే దానికి వేరే చదువుంది, డిగ్రీ తర్వాత రెండేళ్ళ బీపీఎడ్ లేదా ఇంటర్ తర్వాత డీపీఎడ్, ఏపీలో అయినా తెలంగాణలో అయినా పీసెట్ ఎంట్రన్స్ రాయాలి, అందులో పరుగు, జంప్, షాట్‌పుట్ లాంటి టెస్టులు, ఆట స్కిల్ టెస్ట్ ఉంటాయి, నీకు అవి పెద్ద కష్టం కాదు. ఆ తర్వాత డీఎస్సీ కోసం ఎదురుచూడాలి. 2025లో ఏపీలో మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చింది, దానికి ముందు ఎన్నేళ్ళు ఎదురుచూశారో మీ ఊళ్ళో టీచర్ ట్రైనింగ్ అయినవాళ్ళని అడుగు. కాబట్టి నాన్నకి చెప్పాల్సింది, 'ఈ డిగ్రీ అయ్యాక ఆ దారి మూసుకుపోదు, కావాలంటే అప్పుడు బీపీఎడ్ చేస్తా, ఇప్పుడు మానేసి ఊళ్ళో వేరే డిగ్రీలో చేరినా పీఈటీ కావాలంటే బీపీఎడ్ లాంటి ఆ కోర్సు ఎటూ చేయాల్సిందే'. ఇది చెప్తే ఆయనకి అర్థమవుతుంది. కట్టిన ఏడాదిన్నర ఫీజు గంగలో కలపడం ఏ నాన్నకీ ఇష్టం ఉండదు.

నీకు మాత్రం ఇంకొంచెం చేదు నిజాలు చెప్పాలి, కాలేజీ బ్రోచర్లు వీటిని గజిబిజి చేస్తాయి. ఈ డిగ్రీతో నువ్వు ఫిజియో కాలేవు, అది బీపీటీ చదివినవాళ్ళ పని. డాక్టర్ కాలేవు, డైటీషియన్ కావాలంటే న్యూట్రిషన్ చదవాలి. నువ్వు వెళ్ళగలిగేది స్ట్రెంత్ అండ్ కండిషనింగ్, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, వీడియో అనాలిసిస్, ఫిట్‌నెస్ టెస్టింగ్ వైపు, వాటిల్లో మంచి పోస్టులకి ఎమ్మెస్సీ అడుగుతారు. కోచింగ్ మీద ఇష్టముంటే పాటియాలా ఎన్ఐఎస్‌లో డిప్లొమా ఉంది, అక్కడ నీ ఆట లెవెల్ కూడా చూస్తారు. ఉద్యోగాలు ఐటీలో ఉన్నన్ని లేవు, మొదట్లో జీతాలూ గొప్పగా ఉండవు, చాలామంది జిమ్ ట్రైనర్లుగానే మొదలుపెడతారు. అయినా ఈ పని ఇప్పుడు నిజంగా పెరుగుతోంది. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో చెంగ్డూ వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 12.78లో పరిగెత్తి బ్రాంజ్ తెచ్చింది కదా, ఆమె ట్రైనింగ్ అప్పట్లో భువనేశ్వర్‌లో ఒక హై పెర్ఫార్మెన్స్ సెంటర్లో, అలాంటి చోట్ల కోచ్ ఒక్కడే ఉండడు, పక్కన కొలిచేవాళ్ళు, బలం పెంచేవాళ్ళు, తిండి చూసేవాళ్ళు ఉంటారు. ఆ పక్కన ఉండేవాళ్ళ పని నీ చదువు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఖాళీగా కూర్చోకు, నంద్యాల నుంచి కడప స్పోర్ట్స్ స్కూల్ దూరమేం కాదు, అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ ఉంది, బళ్ళారి పక్కన విజయనగర్‌లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మీ హెచ్‌ఓడీ దగ్గర ఒక లెటర్ తీసుకుని, నెల రోజులు టెస్టింగ్‌లో సాయం చేస్తానని రాయి, జీతం అడక్కు, సర్టిఫికెట్ మాత్రం అడుగు. ఒకచోట కాదంటే ఇంకోచోట.

మానేయొద్దు, అది నా మాట. వదలాల్సింది ఈ సీజన్‌ని. ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్‌కి ఎలాగైనా వెళ్ళాలని ఉంటుంది, 60.4తో అక్కడ సెమీస్ కూడా కష్టమని నీకూ తెలుసు, తిండీ ఎముకలూ సరిగ్గా లేకుండా ఆ ట్రైనింగ్ చేస్తే వచ్చే ఏడాది కూడా పోతుంది. డాక్టర్ ఎంతవరకు చేయొచ్చంటే అంతే చెయ్, ఆ మిగిలిన పొద్దుటి గంటలు రెండు అరియర్లకి పెట్టు. అవి ఈ సెమిస్టర్‌లో తీసెయ్యకపోతే థర్డియర్ ప్రాజెక్ట్ టైమ్‌లో మెడకి చుట్టుకుంటాయి. స్పోర్ట్స్ కోటాలో ఫీజు రాయితీ ఉందేమో, ఆడకపోతే అది పోతుందేమోనని భయం ఉంటుంది, రాయలేదు గానీ అదే ఆలోచిస్తున్నావని నాకు అనిపిస్తోంది. నీ అడ్మిషన్ లెటర్ తీసి మళ్ళీ చదువు, మెడికల్ కారణం ఉంటే ఏం చేయాలో అందులో ఏమైనా ఉందా చూడు. నోటిమాటతో ఊరుకోకుండా, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి స్పోర్ట్స్ డైరెక్టర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం పెట్టించుకుని దాచుకో, మెయిల్ కూడా పంపు.

నాన్నతో మాట్లాడేటప్పుడు పీఈటీ సంగతి తర్వాత, ముందు అమ్మకి ఫోన్ చేసి ఈ మూడు నెలల విషయం చెప్పు. టెస్టులకి డబ్బులు కావాలి కదా, రెడ్స్ అని కాకుండా 'తిండి చాలక రక్తం, ఎముకలు దెబ్బతింటున్నాయేమో చూపించుకోవాలి' అని మన మాటల్లో చెప్తే వాళ్ళు ఆ రాత్రే పంపిస్తారు. రిపోర్టులొచ్చాక ఫెరిటిన్ ఎంతొచ్చిందో, డాక్టర్ ఏమన్నారో మళ్ళీ రాయి, పేరూ ఊరూ ఈసారీ వేయం.